పుదుచ్చేరి తుపానులో పురిటిల్లు

పుదుచ్చేరి వెళ్ళొచ్చానంటే చాలు, మా కావలిలో అందరూ ఒకటే అడుగుతున్నారు. పసుపు గోడల వీధుల్లో ఫొటోలు దిగావా అని. దిగలేదు. ఆ వీధుల్ని బండి మీద పోతూ ఒక పక్క నుంచి చూశాను, అంతే. నేను చూసిన పుదుచ్చేరి కాలవ పక్కన ఒక వీధి, అందులో ఒక పురిటిల్లు, ఆ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు, ఒక పసిగుడ్డు, నెత్తిన తుపాను. తిరిగొచ్చి ఏడాది కావస్తున్నా పొద్దున కాఫీ తాగేటప్పుడు ఆ ఇల్లే కళ్ళముందు మెదులుతోంది. అందుకే రాసి పెడదామని కూర్చున్నాను. బస్సుల వేళలు, హోటళ్ళ అద్దెలు కావలసినవాళ్ళు వేరే ఎవర్నైనా అడగండి.

నేను వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు, ఆర్. వసంతను చూడ్డానికి. మద్రాసులో టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం ఆమెది. హాజరు పిలిచేటప్పుడు ముందున్న ఆ పొడి అక్షరంతో సహా పిలిచేవాళ్ళు, నాకూ అదే అలవాటైపోయింది. వాళ్ళది తెలుగు కుటుంబమే. ఎన్ని తరాల కిందట అటు వెళ్ళి స్థిరపడ్డారో వాళ్ళకే లెక్క లేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అక్షరం ముక్క చదవడం రాదు. వారపత్రిక రాగానే నేను సీరియల్ పైకి చదివేదాన్ని, ఆమె వెనక కూర్చుని నాకు జడ వేసేది. కథలో ఎవరికైనా కష్టం వస్తే నా జడ బిగుసుకునేది. హీరోయిన్‌కి పెళ్ళయ్యేదాకా నా తలనొప్పి తగ్గేది కాదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

పోయిన కార్తీకంలో ఆమె ఫోన్ చేసింది. కూతురు నిత్య ప్రసవించింది, ఆడపిల్ల.

“ఏమే భారతీ, నీ మొగుణ్ణి నాలుగు దినాలు వదిలిపెట్టి రావే. రిటైరైనాక కూడా లీవు అడగాల్నా నువ్వు?” అంది.

ఆ ఒక్క మాటకి సంచి సర్దేశాను.

కడలి ముందు గుగ్గిళ్ళు

గురువారం సాయంత్రం బస్టాండుకి తనే స్కూటీ మీద వచ్చింది. జుట్టు తెల్లబడింది, చూపు మాత్రం హాస్టల్ నాటిదే. ఇంటికి పోదామంటే వినలేదు. “రేపు నించి పుయల్ అంట. కడలి ఇప్పుడే చూసుకో” అంటూ బండి సముద్రం వైపు తిప్పింది. తుపానును అక్కడ తెలుగువాళ్ళు కూడా పుయల్ అనే అంటారు.

మా కావలి వైపు సముద్రానికి పోతే ఇసుకలో కాళ్ళు కూరుకుపోతాయి. ఇక్కడ ఒడ్డున బండరాళ్ళు, పైన సిమెంటు దారి, దాని మీద షికారు చేసే జనం. ఆ రోజు జనం పలచగా ఉన్నారు. రాళ్ళ దగ్గరికి ఎవర్నీ దిగనివ్వకుండా పోలీసులు తాడు కట్టారు. నీళ్ళు బురద రంగులో ఉన్నాయి, గాలికి ముఖం మీద ఉప్పు తుంపర పడుతోంది.

గుగ్గిళ్ళమ్మే ఒక ముసలామె బుట్ట మూస్తూ కనిపించింది. ఇరవై రూపాయల పొట్లం అడిగితే మూడు పొట్లాలంత కట్టి చేతిలో పెట్టింది. అరవంలో ఏదో అంటే వసంత చెప్పింది, రేపటి నుంచి ఇటు ఎవరూ రారు, మిగిలితే పారబోయాలి, తినండి అంటోందట. మీరెక్కడికి పోతారని అడగమన్నాను. ముసలామె నన్ను ఎగాదిగా చూసి, కొడుకింటికి, అక్కడ కోడలితో ఇంకో పుయల్ అని జవాబు చెప్పింది. ముగ్గురం నవ్వుకున్నాం. కొబ్బరి, పచ్చిమామిడి ముక్కలు కలిపిన ఆ గుగ్గిళ్ళ రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

కాలవ పక్క వీధి

వసంత వాళ్ళ ఇల్లు ఊళ్ళోనే, పెద్ద కాలవకు ఆనుకున్న పల్లపు వీధిలో ఉంది. గడపలో వేపమండలు, పక్కనే అడ్డంగా పాత చీపురు. చూడగానే పురిటిల్లని తెలిసిపోతుంది, మా వైపూ ఇంతే. వాళ్ళు పురుడును తీట్టు అంటారు. పదకొండో రోజు పుణ్యాహం అయ్యేదాకా బాలింత గానీ బిడ్డ గానీ గడప దాటకూడదు, ఆ ఇంటివాళ్ళు పూజగది ఉన్న మరొకరి ఇంట్లో అడుగు పెట్టకూడదు. దానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. నాకా పట్టింపులు లేవు, నేరుగా గదిలోకి పోయి బిడ్డను ఎత్తుకున్నాను.

బిడ్డ నా పిడికిలంత ముఖంతో, నల్లటి ఒత్తు జుట్టుతో ఉంది. నిత్యకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఆమె భర్తది బెంగళూరులో ఉద్యోగం, పేరు పెట్టే రోజుకి వస్తానన్నాడు. వసంత భర్త గోవిందరాజులు ఊరవతల సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తుపాను ముందు సరుకంతా ఎత్తు మీదికి చేర్చాలని ఆయన్ని అక్కడే ఆపేశారు. ఇంటికి పెద్ద అవ్వ, అంటే వసంత అత్తగారు. ఎనభై దాటినా నడుము వంగలేదు, నోరు అసలే వంగలేదు.

“కావలి నించా? అది యాడుండాది? నెల్లూరు కాడా?” అని అడిగింది. “మా పెద్దోళ్ళు గూడా ఆ పక్క నించే వచ్చినారంట. ఈడ బాహూరులో భూములు, చెరువు కింద వరి. నా పెండ్లి అయినప్పుడు నించి నాకు బాహూరు తెలుసు, ఈ ఊరు తెలుసు. నెల్లూరు తెల్దు.”

రాత్రి భోజనంలో నిత్యకు సొరపుట్టు పెట్టారు. సొరచేపను ఉడికించి, పొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తారు, పాలు పడతాయని. మా అమ్మ కూడా నా పురిట్లో అచ్చం ఇదే చేసింది. ఎన్ని తరాలైనా మాటల్లో సగం అరవమైంది గానీ బాలింత కంచం మారలేదని అవ్వతో అన్నాను. అవ్వ సంతోషపడి నాక్కూడా ఒక గరిటె వడ్డించింది. బాలింత పథ్యం నేనెందుకు తినాలని అడిగితే, “తిను, నీకేం పాలు రావులే” అంది.

శుక్రవారమంతా మాటలే

పొద్దున్నుంచీ ముసురు. ఆటోకి మైకు కట్టుకుని వచ్చిన మనిషి పల్లపు వీధులవాళ్ళు బడిలో పెట్టిన శిబిరానికి వెళ్ళాలని అరుస్తూ పోయాడు. కావలి నుంచి మా ఆయన ఫోన్. తుపాను వార్త విని సాయంత్రం రైలుకి నాకు టికెట్టు తీశానని, రైళ్ళు ఆగిపోకముందే బయలుదేరమన్నాడు. సరేనన్నాను. వంటింట్లోకి పోతే వసంత స్టవ్ ముందు కదలకుండా నిలబడి ఉంది, పాలు పొంగిపోతున్నాయి. స్టవ్ కట్టేసి, మా ఆయనకి మళ్ళీ ఫోన్ చేసి రానని చెప్పాను. ఆయన కాసేపు తిట్టి, టార్చిలైటులో బ్యాటరీలు ఉన్నాయో లేదో చూసుకోమన్నాడు.

అసలు చిక్కు ఎక్కడికి పోవాలన్నదే. శిబిరంలో వందల మంది ఉంటారు. దగ్గులు, జలుబులు ఉన్న గుంపులోకి బిడ్డను తీసుకుపోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంట్లోనే ఉందామంటే కాలవ నిండుతోంది, మిద్దె మీద గది లేదు. మిగిలింది లాస్‌పేట. అది మెరక. అక్కడ అవ్వ చిన్న కొడుకు మోహన్, భార్య లక్ష్మి ఉంటారు. మోహన్‌కి కాలేజీల దగ్గర జెరాక్స్ అంగడి ఉంది. కానీ మోహన్ అయ్యప్ప మాలలో ఉన్నాడు. అది పద్దెనిమిదో ఏడు.

పద్దెనిమిదో ఏడంటే ఏమిటో మనకూ తెలుసు. ఆ ఏడు కొండకు కొబ్బరి మొక్క మోసుకుపోయి నాటాలి, ఆపైన అతను గురుస్వామి. మధ్యలో ఒక్క ఏడూ తప్పకుండా మోహన్ పదిహేడు సార్లు వెళ్ళొచ్చాడు. మాలలో ఉన్నవాడు పురిటి మైల ముట్టుకుంటే మాల తీసేయాల్సిందే. అందుకే బిడ్డ పుట్టినప్పటి నుంచీ అతను ఈ వీధికే రాలేదు, అన్న మనవరాల్ని ఫోన్‌లోనే చూశాడు.

మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. వసంత స్పీకర్ పెట్టి అవ్వ ముందు ఉంచింది.

“అమ్మా, అందురూ మా ఇంటికి వచ్చేయండి.”

“వద్దు సామీ. మీరు మాల ఏసుకోనుండారు.” కన్నకొడుకును అవ్వ మీరు, సామీ అంటుంటే నాకు ముచ్చటేసింది. మా ఊళ్ళోనూ మాల వేసుకున్న కొడుకుల్ని తల్లులు ఇలాగే పిలుస్తారు గానీ, ఈమె గొంతులో భక్తి కంటే గారాబం ఎక్కువ.

“నేను అంగట్లో పండుకుంటానుమా. ఇల్లు మీకు.”

“సామి పటం ఉండే ఇంట్లోకి తీట్టుతో ఎట్ట రావాల?”

“పటం గూడా అంగట్లోకి తీస్కపోతా. జెరాక్స్ మిషన్ మీద పెట్టి పూజ చేసుకుంటా. సేరియా?”

అవ్వ ఫోన్‌ను పక్కకి జరిపింది. సాయంత్రం దాకా ఆమె గడప దగ్గరే కూర్చుంది. ఆమెది మొండితనం అనుకుని నేనూ ఒక మాట అన్నాను, బిడ్డ ప్రాణం కంటే ఆచారం ఎక్కువా అవ్వా అని. అప్పుడు నా వైపు తిరిగి చెప్పింది.

“ఆచారం కాదమ్మా. వాడు పదేడు ఏండ్లు కష్టపడినాడు. కొబ్బరి చెట్టు వాకిట్లో పెట్టి రోజూ నీళ్ళు పోస్తాండాడు. ఇంగ కొన్ని దినాలే. నా వల్ల అది పోగూడదు. బిడ్డ గూడా నాదే, వాడూ నాకే పుట్టినాడు. నేను ఎవర్ని ఇడిసిపెట్టాల, చెప్పు?”

మాట అన్నందుకు నాలుక కరుచుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి లక్ష్మి ఫోన్ చేసింది. పటం, పూజసామాను, ఆయన పక్కబట్టలు అన్నీ అంగడికి చేర్చేశామని, ఇల్లు కడిగి ఉంచానని. ఇక అవ్వకు వద్దనడానికి ఏమీ మిగల్లేదు. “సేరి, పొద్దున పోదాం” అంది. మేమందరం గబగబా సంచులు సర్దడం మొదలుపెట్టాం. కరెంటు పోయింది, కొవ్వొత్తి వెలుగులో ఉప్మా తిన్నాం. వసంత నా వెనక కూర్చుని, అడక్కుండానే నా జడ విప్పి మళ్ళీ వేసింది. ఎవరికీ ఏ కష్టమూ రాని సీరియల్ చెప్పవే అంది. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

రాహుకాలం

శనివారం తెల్లారేసరికి వీధిలో చీలమండల దాకా నీళ్ళు. రాత్రే వసంత మాట్లాడి పెట్టిన ఆటో అతను, మురుగన్, చెప్పిన వేళకి వచ్చాడు. సంచులు ఎక్కించాం. అంతలో నిత్యకు నొప్పి వచ్చి కాసేపు కూర్చుంది, బిడ్డ పాలు తాగింది, మళ్ళీ గుడ్డలు తడిపింది. పసిబిడ్డతో ప్రయాణమంటే తెలిసిందేగా. తీరా అందరం లేచేసరికి అవ్వ గోడ క్యాలెండర్ వైపు చూసింది.

“రాహుకాలం పెట్టింది. ఇంగ కొంచేపు ఉందాం.”

మా వైపు వర్జ్యం చూస్తాం, దుర్ముహూర్తం చూస్తాం, అదీ పెళ్ళికో గృహప్రవేశానికో. అక్కడ రాహుకాలం రోజూ చూస్తారు. కూరగాయల బండి తోసుకునే మనిషి కూడా చూస్తాడు. నేను నిత్య వైపు చూశాను, ఎమ్మెస్సీ చదివిన పిల్ల, నా పక్షాన మాట్లాడుతుందని. ఆ పిల్ల ఫోన్ తీసి వేలితో జరిపి, “అవును ఆంటీ, ఇప్పుడు రాహుకాలమే” అని చూపించింది. ఒక వేలు జరిపితే తుపాను సుడి తిరుగుతున్న బొమ్మ, ఇంకో వేలు జరిపితే రాహుకాలం. రెండూ ఒకే ఫోన్‌లో చక్కగా కాపురం చేస్తున్నాయి.

“అవ్వా, నీళ్ళు పెరుగుతున్నాయి. పోదాం” అన్నాను.

“తొలీగా గడప దాటే బిడ్డమ్మా. రాహుకాలంలో ఎట్ట దాటిస్తాం? ఒకటిన్నర గంటలో ఏమైపోతుంది?”

వసంత కూడా, “పరవాలేదులే భారతీ, కూర్చో” అంది. కూర్చున్నాం. కూర్చోవడమే కాదు, అవ్వ పెట్టిన కాఫీ కూడా తాగాను. బయట మురుగన్ ఆటోలోంచి తల బయటికి పెట్టి, “అక్కా, తణ్ణి ఏరుదు!” అని నీళ్ళు ఎక్కుతున్న సంగతి చెబుతూనే ఉన్నాడు. చక్రాలు సగం మునిగాయి. చివరికి అతను దండం పెట్టి, ఇంకా ఉంటే ఇంజన్‌లోకి నీళ్ళు పోతాయి, మెయిన్ రోడ్డు మెరక మీద నిలబడతాను, నడిచి రండి అని చెప్పి సంచులతో సహా వెళ్ళిపోయాడు.

రాహుకాలం దాటేసరికి నీళ్ళు మెట్లన్నీ మింగేసి గడప కిందికి వచ్చాయి. కాలవ పొంగి వీధిలోకి మళ్ళింది. మెయిన్ రోడ్డు వీధి చివరే, మామూలు రోజైతే నాలుగు అడుగులు. నేను చీర ఎగ్గట్టి, దారి చూసొస్తానని దిగాను. తొడల దాకా నీళ్ళు, ఒక పక్కకి లాగుతున్నాయి. మురుగుకాలవ మూత ఎక్కడుందో కనబడదు. రెండడుగులు వేశానో లేదో కాలు జారి పీకల దాకా కూర్చుండిపోయాను. వసంత గడపలోంచి చెయ్యి అందించి లాగింది. అంత భయంలోనూ నా వాలకం చూసి ముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు అయ్యాక మాత్రం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిత్యను ఒకరు పట్టుకోవాలి, అవ్వను ఒకరు పట్టుకోవాలి. బిడ్డను ఎత్తుకుని ఆ నీళ్ళలో దిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. వసంత మోహన్‌కి ఫోన్ చేసింది.

ప్లాస్టిక్ టబ్బు

కాసేపటికి మోహన్ వీధి మలుపులో కనిపించాడు. నల్ల పంచె, గడ్డం, మెడలో మాల, ఒక చేతిలో పొడవాటి కర్రతో నేలను తడుముతూ వస్తున్నాడు. మాలలో ఉన్నవాళ్ళకి చెప్పులుండవు కదా, ఆ మురికినీళ్ళలో వట్టి కాళ్ళతోనే వచ్చాడు. గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు, లోపలికి రాలేదు.

“బిడ్డనియ్యిమా” అన్నాడు.

“మీరు ముట్టుకోగూడదు సామీ. ఇంగెవుర్నన్నా పంపండి.”

“ఎవురుండారుమా? మురుగన్ ఆటో ఇడిసి రాలేడు, మిగిలినోళ్ళు వాళ్ళ వాళ్ళ ఇండ్లల్లో మునిగుండారు.”

అప్పుడు అవ్వకు ఒక ఉపాయం తోచింది. బిడ్డకు నీళ్ళు పోయడానికి కొత్తగా కొన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఉంది. అందులో మెత్తటి చీరలు పరిచి బిడ్డను పడుకోబెడితే, టబ్బు నీళ్ళ మీద తేలుతుంది. సామి అంచు పట్టుకుని నడిపిస్తే చాలు, బిడ్డను తాకక్కర్లేదు. ప్లాస్టిక్‌కి తీట్టు అంటుతుందా అని వసంతకు సందేహం వచ్చింది. అంటదని అవ్వ తేల్చింది. నీళ్ళు గడప దాటి గదిలోకి వస్తుంటే ఆ ఇంట్లో ఈ చర్చ జరిగింది, నేను నోరు తెరుచుకుని విన్నాను.

అలాగే బయలుదేరాం. ముందు మోహన్, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో టబ్బు అంచు. వెనక నిత్యను పొదివి పట్టుకున్న వసంత. చివర నేను, నా భుజం పట్టుకున్న అవ్వ. వాన సూదుల్లా గుచ్చుతోంది. బిడ్డ మీద కప్పిన ప్లాస్టిక్ షీటు టపటపా కొట్టుకుంటోంది. అవ్వ నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ నొప్పి రెండు రోజులు తగ్గలేదు. ఆమె కళ్ళు నీళ్ళ మీద లేవు, టబ్బు మీదే ఉన్నాయి.

సగం దూరం బాగానే జరిగింది. అంతలో మెయిన్ రోడ్డు పల్లంలో నిలిచిన నీళ్ళ మీదుగా ఒక లారీ వేగంగా పోయింది. అది లేపిన అల వీధిలోకి వచ్చింది. టబ్బు ఒక పక్కకి ఒరిగి, అంచు మీదుగా నీళ్ళు లోపలికి పోయాయి. నిత్య కేకపెట్టింది. మోహన్ కర్ర వదిలేసి రెండు చేతులతో టబ్బును ఆపాడు. ఆపి, వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. అప్పటికీ అడుగుతున్నాడతను.

“ఒరే మోహనా!” అని అవ్వ అరిచింది. “ఏంది రా చూస్తాండావు? ఎత్తుకో రా!”

మోహన్ బిడ్డను రెండు చేతులా ఎత్తి గుండెకు అదుముకున్నాడు. బిడ్డ మాల పూసల మీద ముఖం ఆనించి గుక్కపట్టి ఏడ్చింది. ఖాళీ టబ్బు గిరగిరా తిరుగుతూ ఎటో పోయింది. అతను ఇక ఆగలేదు. వాన తగలకుండా తల వంచి, బిడ్డను కప్పుకుని, నీళ్ళను కాళ్ళతో తోసుకుంటూ మెయిన్ రోడ్డు ఎక్కేశాడు. మురుగన్ అక్కడే ఉన్నాడు, పాపం మాట తప్పలేదు. ఎంత ఇవ్వమంటావని లాస్‌పేట చేరాక అడిగితే మామూలు చార్జీయే తీసుకున్నాడు. ఆ రోజు పాల పాకెట్టు రెట్టింపు ధరకు అమ్మిన అంగళ్ళు ఉన్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

లాస్‌పేట

మోహన్ ఇంటి వాకిట్లో, వరండా మెట్టు పక్కన, తొట్టిలో కొబ్బరి మొక్క పచ్చగా ఉంది. గాలికి పడిపోకుండా లక్ష్మి దాన్ని కిటికీ ఊచకు కట్టింది. మోహన్ బిడ్డను లక్ష్మి చేతికిచ్చి, తను మాత్రం వరండాలోనే ఆగిపోయాడు. లోపల బిడ్డను పొడి గుడ్డలో చుట్టి, కుంపటి దగ్గర వెచ్చబెట్టి, నిత్య పక్కన పడుకోబెట్టాం. పాలు పట్టింది, కళ్ళు మూసింది. అప్పుడు గానీ వసంత ఏడవలేదు. నా భుజం మీద తల పెట్టి బావురుమంది, హాస్టల్ నుంచి ఇంటికి పోయే రోజు కూడా అంత ఏడవలేదు.

వరండాలో మోహన్ వాళ్ళ గురుస్వామికి ఫోన్ చేశాడు. ఆయన ముందు బిడ్డ బాగుందా అని అడిగాడట. బాగుందని చెప్పాక, బాధపడొద్దు, మీ అమ్మ చేత్తో మాల తీయించుకో, వచ్చే ఏడు మళ్ళీ వేసుకుందువు అన్నాడట. తల్లి చేతులతో మాల తీయించుకోవడం మనలోనూ ఉన్నదే. ఆ మాట మోహన్ చెబుతుంటే అవ్వ గుమ్మం దగ్గర తడి చీరతో నిలబడి వింది. ఎంత చెప్పినా చీర మార్చుకోలేదు.

అతను వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. మాల తడిసి గడ్డానికి చిక్కుకుంది. అవ్వ ఒక్కొక్క వెంట్రుకా విడదీసి, పూస తెగకుండా పైకి తీసింది. తీసి రెండు చేతుల్లో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూసింది. లక్ష్మి ఇత్తడి పళ్ళెం తెచ్చి పట్టింది.

“నా వల్ల పోయింది రా, పద్దెనిమిదో ఏడు” అంది అవ్వ. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

మోహన్ లేచాడు. తువ్వాలుతో చేతులు, ఛాతీ శుభ్రంగా తుడుచుకున్నాడు. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఫోన్‌లో మాత్రమే చూసుకున్న మనిషి, నీళ్ళలో ఎత్తుకుని పరుగెత్తాడే గానీ ముఖం సరిగ్గా చూసింది లేదు. గది వైపు చూస్తూ రెండు చేతులూ ముందుకు చాచాడు.

“పోతే పోనీమా. ఇప్పుడు మాల లేదు, నన్ను వద్దనేవాళ్ళు లేరు. ఇంగ దాన్ని తెచ్చియ్యి, నిదానంగా చూసుకుంటా.”

అవ్వ లోపలికి పోయి బిడ్డను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. బయట చెట్లు విరిగేంత గాలి వీస్తోంది. మోహన్ గోడకి ఆనుకుని కూర్చుని, బిడ్డ ముక్కు, చెవులు, వేళ్ళు ఒక్కొక్కటే చూసుకుంటూ ఉండిపోయాడు, మేము అన్నానికి పిలిచినా లేవలేదు.